సేవ్ కొట్టాక ఎదురుచూపు: ఇంజినీరింగ్ మేనేజర్లకు, ఐటీ విభాగాలకు బహిరంగ లేఖ

ఇంజినీరింగ్ మేనేజర్లకు, ఐటీ, సెక్యూరిటీ విభాగాలను నడిపే పెద్దలకు నమస్కారం.

వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లకు ఏ ల్యాప్‌టాప్ ఇవ్వాలో, అందులో ఏ యాంటీవైరస్ నడవాలో, ఏ ఫోల్డర్‌కు మినహాయింపు ఉండాలో, టెస్ట్ డేటాబేస్ ఎక్కడ పెట్టాలో తేల్చేది మీరు. మీరు తేల్చినదాని మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసేది మేము. యూజర్‌కు పేజీ రావడం రెండు సెకన్లు ఆలస్యమైతే అలారం మోగుతుంది, మీటింగ్ పడుతుంది, కారణం దొరికేదాకా ఎవరూ ఊరుకోరు. ఆ పేజీని తయారుచేసే మనిషి ఒక బటన్ రంగు మార్చి, అది తెరమీద ఎలా వచ్చిందో చూడడానికి అర నిమిషం కాచుకుని కూర్చుంటే మాత్రం దానికి గ్రాఫూ లేదు, అలారమూ లేదు, అది చూసుకోవాల్సింది ఫలానావాళ్లు అని చెప్పే పేరూ లేదు. ఆ అర నిమిషం గురించే ఈ లేఖ.

మేము ఈ మాట ఎత్తినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటే: "ప్రస్తుతానికి అడ్జస్ట్ అవ్వండి, తర్వాత చూద్దాం." అడ్జస్ట్ అవుతూనే ఉన్నాం. అయితే ఆ సర్దుకుపోవడం ఏ రూపంలో ఉంటుందో మీ దాకా రాదు, ఏ రిపోర్టులోనూ కనిపించదు. అందుకే ఇక్కడ విడమరిచి చెప్తున్నాను.

ఎడిటర్‌లో టైప్ చెకింగ్ (కోడ్‌లో ఒక రకం డేటా బదులు ఇంకో రకం వాడామేమో చూసే తనిఖీ) బరువైపోతే దాన్ని ఆపేస్తాం. టెస్టులు మొదలవడానికే నిమిషం పడుతుంటే, ఎలాగూ సీఐలో (కోడ్ పంపగానే టెస్టులను తనంతట తానే నడిపే సర్వర్‌లో) నడుస్తాయి కదా అని మన మెషీన్‌లో నడపడం మానేస్తాం. అక్కడ ఫెయిలైన సంగతి తెలిసేసరికి బుర్ర ఇంకో పనిలో ఉంటుంది. సర్వర్ రీస్టార్ట్‌కు జడిసి, కాన్ఫిగరేషన్‌లో మార్చాల్సినదాన్ని కోడ్ మధ్యలో ఒక ఇఫ్ కండిషన్‌తో సరిపెడతాం. అది అక్కడే పాతుకుపోతుంది. లాగిన్ అయ్యి, నాలుగు ఫారాలు నింపితేగానీ రాని స్క్రీన్ మీద పని పడితే, రీలోడ్ అయిన ప్రతిసారీ అదంతా మళ్లీ చేసే ఓపిక లేక నకిలీ డేటా పెట్టుకుని కానిచ్చేస్తాం. అసలు డేటాతో ఆ స్క్రీన్‌ను మొదటిసారి చూసేది టెస్టర్, ఒక్కోసారి కస్టమర్.

రివ్యూ సంగతీ అంతే. పక్కవాళ్ల బ్రాంచ్‌ను (వాళ్లు మార్పులు చేస్తున్న కోడ్ కాపీని) మన మెషీన్‌లోకి తెచ్చుకుని నడిపి చూడడమే సరైన రివ్యూ. కానీ బ్రాంచ్ మారిస్తే ప్యాకేజీలు మళ్లీ ఇన్‌స్టాల్ అవ్వాలి, బిల్డ్ మొదటినుంచి జరగాలి, తిరిగి మన బ్రాంచ్‌కు వచ్చాక అదే తంతు ఇంకోసారి. అందుకని తేడాల పేజీని పైనుంచి కిందికి చదివి ఓకే కొట్టేస్తాం. అది బద్ధకం అనుకోకండి. సాయంత్రంలోగా ఇంకో మూడు రివ్యూలు చూడాల్సిన మనిషి వేసుకున్న లెక్క అది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇంకొకటుంది. ఫారంలో పొడవైన పేరు టైప్ చేస్తే డిజైన్ ఎలా చెదురుతుంది? జాబితా ఖాళీగా ఉంటే ఏం కనిపిస్తుంది? నెట్ మధ్యలో పోతే బటన్ తిరుగుతూనే ఉంటుందా? కంటిచూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వస్తే ఫోకస్ ఎక్కడికి పోతుంది? ఇవి ఎవరూ టికెట్‌లో రాయరు. పని మీద ప్రేమ ఉన్న డెవలపర్ తనంతట తాను "ఓసారి చూద్దాం" అని చూసేవి. ఒక్కోటీ ఒక్కో రీలోడ్. రీలోడ్ సెకనులో అయిపోతే పదీ చూస్తాం. అర నిమిషమైతే రెండు చూసి ఆపేస్తాం. నెమ్మదైన ఎన్విరాన్‌మెంట్ మా టైమ్‌ను తింటుందన్నది నిజమే, దానికన్నా ముందు మా కుతూహలాన్ని తింటుంది.

టైమ్ లెక్క కావాలంటే అదీ వేద్దాం. రోజుకు వందసార్లు సేవ్ కొట్టే మనిషికి ఒక్కోసారి 20 సెకన్లు పోతే మొత్తం 2,000 సెకన్లు, అంటే అరగంట పైనే. పదిమంది ఉన్న టీమ్‌లో రోజుకు అయిదు గంటల పైమాటే. ఈ లెక్క చూసి "సరే, అరగంటే కదా" అనేవాళ్లున్నారు. ఆ అరగంట ఒక్క ముక్కగా వస్తే నేనూ అలాగే అనేదాన్ని. వంద ముక్కలుగా వస్తుంది, ప్రతి ముక్కా సరిగ్గా ఆలోచన నడుస్తున్న చోటే పడుతుంది. 20 సెకన్లలో వేరే పని చేయలేం, ఊరికే కూర్చోనూ లేం. చేయి చాట్ విండో మీదకు పోతుంది. అక్కడినుంచి తిరిగి వచ్చేసరికి ఏ వేరియబుల్ విలువ చూద్దామనుకున్నామో జారిపోయి ఉంటుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1968లోనే పరిశోధకుడు రాబర్ట్ మిల్లర్ కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఎంతసేపు ఆగగలడో రాశారు. 1982లో ఐబీఎంకు చెందిన వాల్టర్ డోహర్టీ, అరవింద్ థడానీ ఇంకాస్త ముందుకు వెళ్లి, జవాబు సెకనులోపుకు వచ్చేకొద్దీ మనిషి చేసే పని ఆదా అయిన సెకన్లను మించి పెరుగుతుందని వాదించారు. కారణం కూడా చెప్పారు: మనిషి తర్వాత చేయాల్సిన నాలుగు పనులను మనసులో వరుసగా పేర్చుకుని ఉంటాడు, ఆలస్యమైతే ఆ వరుస చెదిరిపోతుంది. 1993లో వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ ఇచ్చిన మూడు హద్దులు వెబ్ డిజైన్ చేసే ప్రతివాళ్లకూ తెలుసు. 0.1 సెకనులోపు వస్తే వెంటనే జరిగినట్టుంటుంది, 1 సెకను దాకా ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే ధ్యాస వేరే పనిమీదకు మళ్లుతుంది. ఈ అంకెలను యూజర్ కోసం మన డిజైన్ పత్రాల్లో రాసుకుంటాం. డెవలపర్ కూడా యూజరే.

ఇప్పుడు సేవ్ కొట్టిన క్షణం నుంచి ఏం జరుగుతుందో చెప్తాను. మీ నిర్ణయాలు ఎక్కడెక్కడ తగులుతాయో అందులోనే కనిపిస్తుంది.

మొదట, ఫైల్ మారిందని డెవ్ సర్వర్‌కు (మన మెషీన్‌లోనే సైట్‌ను నడిపి చూపించే ప్రోగ్రామ్‌కు) తెలియాలి. లినక్స్‌లో అయితే ఐనోటిఫై అనే ఏర్పాటు ద్వారా ఆ కబురు కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయే) చేరవేస్తుంది, దాదాపు ఖర్చు లేని పని. మనం చాలామందికి ఇచ్చేది విండోస్ లేదా మ్యాక్. అప్లికేషన్ నడిచేదేమో లినక్స్ కంటైనర్‌లో (అప్లికేషన్‌ను, దానికి కావాల్సినవాటిని కలిపి విడిగా నడిపే పెట్టెలో). ఆ కంటైనర్ నడవడానికి వెనకాల ఒక వర్చువల్ మెషీన్ (మెషీన్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో మెషీన్) ఉంటుంది. అంటే ఫైల్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో, దాన్ని చదివే ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో. మధ్యలో ఒక సరిహద్దు. ప్రతి ఫైల్ ఓపెన్, ప్రతి "ఈ ఫైల్ ఉందా?" అన్న ప్రశ్న ఆ సరిహద్దు దాటి వెళ్లి రావాలి. ఒక పెద్ద వీడియో ఫైల్ చదివితే ఈ భారం తెలియదు. వెబ్ ప్రాజెక్టులో బయటి ప్యాకేజీలన్నీ ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఒక్కటే వేలకు వేలు చిన్న ఫైళ్లు, ఒక్కోసారి లక్ష దాటుతాయి. అక్కడ నలిగిపోతాం.

విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 కూడా అంతే. 2020లో విండోస్ 10తో అందరికీ అందుబాటులోకి వచ్చింది, మంచి ఏర్పాటు. కానీ ప్రాజెక్టును విండోస్ సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్ వైపునుంచి చదివిస్తే చతికిలబడుతుంది. ఫైళ్లను లినక్స్ వైపు ఫైల్ సిస్టమ్‌లోనే పెట్టుకోమని మైక్రోసాఫ్టే చెబుతుంది. పైగా సీ డ్రైవ్‌లో ఫైల్ మారిన కబురు లినక్స్ వైపుకు ఐనోటిఫై ద్వారా రాదు. అప్పుడు మేము పోలింగ్ ఆన్ చేస్తాం. అంటే కబురు కోసం ఆగకుండా, ఏదైనా మారిందా అని ప్రతి ఫైల్‌నూ పదేపదే వెళ్లి చూసి రావడం. ఫ్యాన్ మోత మొదలయ్యేది అక్కడే. ఇంతకీ చాలా చోట్ల ప్రాజెక్టు సీ డ్రైవ్‌లోనే ఎందుకుంటుందంటే, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ డ్రైవ్‌నే చూస్తుంది, అది పాలసీ. కోడ్ మొత్తం గిట్ సర్వర్‌లో (కోడ్‌లోని ప్రతి మార్పునూ దాచే చోట) ఉండగా నోడ్ మాడ్యూల్స్‌ను బ్యాకప్ చేయడం ఎందుకో ఒక్కసారి ఆలోచించండి.

తర్వాతది యాంటీవైరస్. బిల్డ్ టూల్ తెరిచే ప్రతి ఫైల్‌నూ అది ముందు తాను చూసి, అప్పుడు వదులుతుంది. ఒకేచోట రెండు మూడు సెక్యూరిటీ ఏజెంట్లు ఉన్న మెషీన్లూ ఉన్నాయి, ఒక్కోటీ తన వంతు తాను చూస్తుంది. సెక్యూరిటీ విభాగం వాళ్లకు ఇక్కడ స్పష్టంగా చెప్పాలి: స్కానింగ్ తీసేయమని నేను అడగడం లేదు. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఉమ్మడి చోటు) ప్యాకేజీల ద్వారా హానికరమైన కోడ్ రావడం ఊహ కాదు, జరిగింది, జరుగుతూనే ఉంది. ఆ ఫోల్డర్‌ను గుడ్డిగా మినహాయించమంటే మీరు ఒప్పుకోకపోవడం న్యాయమే. అయితే దారి మూసుకుపోలేదు. 2023లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో డెవ్ డ్రైవ్ అని తెచ్చింది. డెవలపర్ల ఫైళ్లకు విడిగా ఒక వాల్యూమ్ ఉంటుంది, అందులో విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఫైల్‌ను ముందు తెరవనిచ్చి, స్కానింగ్ వెనకాల చేసుకుంటుంది. భద్రతా ఉంటుంది, నిరీక్షణా తగ్గుతుంది. మన యాంటీవైరస్ వేరేదైతే దాని తయారీదారుడిని అడగొచ్చు: బిల్డ్ ఫోల్డర్ల విషయంలో మీ సలహా ఏమిటని. ఆ ప్రశ్న వేయాల్సింది మీరు, మేము వేస్తే ఎవరూ జవాబివ్వరు. మాకు కావాల్సింది మీరు కూర్చుని, కొలిచి, లెక్క చూసి తీసుకున్న నిర్ణయం. "పాలసీ ఒప్పుకోదు" అన్న ఒక్క వాక్యంతో టికెట్ మూసేయడం నిర్ణయం కాదు.

మ్యాక్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు. 2020 చివర్లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్ నుంచి ఆ మెషీన్ల ప్రాసెసర్ వేరు. పాత కంటైనర్ ఇమేజ్‌లు (కంటైనర్‌ను తయారుచేసే మూలప్రతులు) ఇంటెల్ ప్రాసెసర్ కోసం తయారైనవి. వాటిని అలాగే నడిపితే ప్రతి సూచననూ అనువదించుకుంటూ నడవాలి. కొన్న మెషీన్ వేగంగానే ఉంటుంది, అందులోని డేటాబేస్ మాత్రం ఈడ్చుకుంటూ ఉంటుంది. ఇమేజ్‌ను రెండు ప్రాసెసర్లకూ బిల్డ్ చేసి పెడితే సరిపోతుంది. ఒకరు ఒక పూట కూర్చుంటే అయ్యే పని, అందరి మెషీన్లలోనూ తేడా కనిపిస్తుంది. ఆ పూట ఎవరి స్ప్రింట్‌లోనూ (కొన్ని వారాల పని ప్రణాళికలోనూ) ఉండదు, అదే సమస్య.

డేటాబేస్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. డేటా బయటికి పోకూడదని టెస్ట్ డేటాబేస్‌ను దూరంగా ఒక సర్వర్‌లో పెట్టి, వీపీఎన్ మీదుగా వాడమంటారు. ఉద్దేశం మంచిదే. ఒక పేజీ గీయడానికి డేటాబేస్‌కు 200 క్వెరీలు (ప్రశ్నలు) వెళ్తాయనుకోండి. వీపీఎన్ మీద ఒక్కో రాకపోకకు 40 మిల్లీసెకన్లు అయితే ఆ పేజీకి ఎనిమిది సెకన్లు. ప్రొడక్షన్‌లో (యూజర్లు వాడే అసలు సర్వర్లలో) అప్లికేషన్, డేటాబేస్ పక్కపక్కనే ఉంటాయి, ఒక్కో రాకపోకకు మిల్లీసెకను కూడా పట్టదు, అక్కడ ఇదే పేజీ గబుక్కున వస్తుంది. 200 క్వెరీలు వెళ్లడం మా తప్పే, దాన్ని మేము తగ్గించాలి. కానీ అప్లికేషన్ ఏది నెమ్మదో, దారి ఏది నెమ్మదో విడదీసి చూడలేని స్థితిలో మమ్మల్ని ఉంచితే ఏది సరిచేయాలో మాకెలా తెలుస్తుంది? పేర్లు, ఫోన్ నంబర్లు మార్చేసిన చిన్న డేటా నమూనాను ప్రతి మెషీన్‌లో పెట్టుకునే ఏర్పాటు చేయండి. డేటా భద్రతకూ అదే మేలు. అసలు డేటా డెవలపర్ల చేతికి రానే రాదు.

కొలవకుండా మందు వేయడం గురించి ఒక ఉదాహరణ చెప్తాను. నాకు తెలిసిన ఒక టీమ్‌లో మ్యాక్ మెషీన్ల మీద లోకల్ సైట్ ప్రతి రిక్వెస్టుకూ అయిదు సెకన్ల చిల్లర తీసుకునేది. చిన్న పేజీకీ అంతే, పెద్ద పేజీకీ అంతే. ఫ్రేమ్‌వర్క్ బరువన్నారు కొందరు, ర్యామ్ చాలదన్నారు ఇంకొందరు, కొత్త ల్యాప్‌టాప్‌ల ప్రతిపాదన కూడా తయారైంది. చివరికి ఒకమ్మాయి, రిక్వెస్టు పంపి చూసే కర్ల్ కమాండ్‌తో ఒక్కో దశకు ఎంత పడుతోందో విడివిడిగా చూసింది. సర్వర్ జవాబు చటుక్కున వస్తోంది. అయిదు సెకన్లూ సైట్ పేరుకు చిరునామా వెతకడంలోనే పోతున్నాయి. వాళ్ల లోకల్ సైట్ పేరు చివర డాట్ లోకల్ అని ఉంది. ఆ చివరి ముక్క మల్టీకాస్ట్ డీఎన్ఎస్‌కు, అంటే ఈ పేరు ఎవరిదని నెట్‌వర్క్‌లోని మెషీన్లన్నిటినీ అడిగే పద్ధతికి, కేటాయించినది. పేర్లకు చిరునామాలు రాసిపెట్టే హోస్ట్స్ ఫైల్‌లో పాత తరహా ఐపీవీ4 చిరునామా ఉంది కానీ కొత్త తరహా ఐపీవీ6 లేదు. దాంతో మ్యాక్ ఐపీవీ6 కోసం నెట్‌వర్క్‌లో అందరినీ అడిగి, ఎవరూ పలకక, అయిదు సెకన్లు చూసి ఊరుకునేది. హోస్ట్స్ ఫైల్‌లో ఐపీవీ6 కోసం ఇంకో లైను చేర్చారు, అయిపోయింది. ఇలాంటి పనుల కోసమే 1999లో డాట్ టెస్ట్ అన్న ముక్కను ప్రత్యేకించి పెట్టారు, పేరు అలా మార్చుకున్నా పోయేది.

ఇలాంటివి మా వైపు చాలా ఉన్నాయి, అందులో దాచేదేం లేదు. లోకల్‌హోస్ట్ (అంటే ఇదే మెషీన్) అన్న పేరుకు ముందు ఐపీవీ6 చిరునామా దొరికి, సర్వర్ ఏమో ఐపీవీ4 చిరునామా అయిన 127.0.0.1 మీద మాత్రమే వింటూ ఉంటే, ఆ మొదటి ప్రయత్నం విఫలమయ్యేదాకా ఆగాలి. విండోస్‌లో ఇది ఒక్కో కనెక్షన్‌కు సెకను దాకా తినేయగలదు. పీహెచ్‌పీ భాషలో తప్పులు వెతకడానికి వాడే ఎక్స్‌డీబగ్‌ను అవసరం లేనప్పుడూ ఆన్‌లో ఉంచితే ప్రతి పేజీ బరువెక్కుతుంది. 2020లో వచ్చిన మూడో వెర్షన్‌లో దాన్ని పనిని బట్టి మోడ్‌లుగా విడగొట్టింది అందుకే. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో డీబగ్ మోడ్‌లో క్వెరీలన్నిటినీ మెమరీలో దాచుకుంటుంది. ఇవన్నీ మేము చూసుకోవాల్సినవే. తోటి డెవలపర్లకు కూడా నాదో మాట: టికెట్‌లో "సిస్టమ్ స్లోగా ఉంది" అని రాసి వదిలేస్తే ఐటీ వాళ్లు ఏం చేయగలరు? ఏ పనికి ఎంత పట్టింది, ప్రాసెసర్ ఖాళీగా ఉందా నిండి ఉందా, డిస్క్ ఏం చేస్తోంది, యాంటీవైరస్ ప్రాసెస్ ఎంత తింటోంది అన్నవి పక్కన పెట్టి పంపండి. ఆధారం ఉన్న టికెట్‌ను మూసేయడం అంత తేలిక కాదు.

టూల్స్ విషయానికి వద్దాం. ఈ పదేళ్లలో వెబ్ ప్రాజెక్టులు ఊహించలేనంత పెరిగాయి. విడివిడి కోడ్ ఫైళ్లను బ్రౌజర్ కోసం మూట కట్టే, 2012లో మొదలైన వెబ్‌ప్యాక్ మీద ఇప్పటికీ ఎన్నో అప్లికేషన్లు నడుస్తున్నాయి. 2020లో వచ్చిన అయిదో వెర్షన్ నుంచి అది ఒకసారి చేసిన పనిని డిస్క్ మీద దాచుకోగలదు. రెండోసారి స్టార్ట్ చేసినప్పుడు మొదటినుంచీ కట్టాల్సిన పని లేదు. అదే ఏడాది అదే పని చేసే, గో భాషలో రాసిన ఈఎస్‌బిల్డ్ వచ్చింది, దాన్ని ఆసరా చేసుకుని వీట్ వచ్చింది. వీట్ డెవ్ సర్వర్ మొత్తం అప్లికేషన్‌ను ముందే మూట కట్టదు, బ్రౌజర్ అడిగిన ఫైల్‌ను అడిగినప్పుడు ఇస్తుంది. 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ తన టైప్‌స్క్రిప్ట్ భాష కంపైలర్‌ను గో భాషలోకి తెస్తున్నామని ప్రకటించింది. దాదాపు 15 లక్షల లైన్ల తన ఎడిటర్ వీఎస్ కోడ్ ప్రాజెక్టును చెక్ చేయడానికి 77.8 సెకన్లు పట్టేది 7.5 సెకన్లకు దిగిందని చూపించింది. టూల్ తయారుచేసేవాళ్లు సెకన్ల కోసం కంపైలర్‌నే ఇంకో భాషలోకి తెస్తుంటే, మన దగ్గర వెబ్‌ప్యాక్ వెర్షన్ మార్చే టికెట్ బ్యాక్‌లాగ్ (పెండింగ్ పనుల జాబితా) అడుగున పడి ఉంటుంది. ప్రతి ప్లానింగ్‌లోనూ ఎవరో ఒకరు దాన్ని పైకి తెస్తారు, "కస్టమర్‌కు దీనివల్ల ఏం కనిపిస్తుంది?" అన్న ప్రశ్నతో అది మళ్లీ కిందికి పోతుంది. ఏం కనిపిస్తుందో ఈ లేఖ మొదట్లో రాశాను.

అలాగని కొత్త టూల్ పెడితే అన్నీ తీరతాయని నేను చెప్పను. వేల మాడ్యూళ్లున్న ప్రాజెక్టులో వీట్‌తో కూడా మొదటి లోడ్ బరువుగానే ఉంటుంది, బ్రౌజర్ వేల ఫైళ్లను విడివిడిగా అడగాలి కదా. ఒక ఫోల్డర్‌లోని వాటన్నిటినీ ఒకే ఇండెక్స్ ఫైల్ నుంచి ఎగుమతి చేసే అలవాటు ఉంటే, ఒక చిన్న బటన్ కోసం నూటయాభై ఫైళ్లు కదులుతాయి. టూల్ మార్చేముందు ఏది టైమ్ తింటోందో ప్రొఫైల్ చేయాలి. అందుకే నేను అడుగుతున్నది ఫలానా టూల్ కొనండి అని కాదు. చూసి, కొలిచి, సరిచేయడానికి టైమ్ ఇవ్వండి అని.

మెషీన్ల గురించి ఎక్కువ చెప్పను. ఎడిటర్, బ్రౌజర్, కంటైనర్లు, డేటాబేస్, వీడియో కాల్ అన్నీ ఒకేసారి నడవాల్సిన మనిషికి 8 జీబీ ర్యామ్ చాలదు. మెమరీ నిండగానే సిస్టమ్ డిస్క్ మీద పడుతుంది, ఆ తర్వాత ఏ టూల్ మార్చినా ప్రయోజనం ఉండదు. ఆఫీసు పనికి కొన్న మోడల్‌నే డెవలపర్లకూ ఇవ్వడం సులువు, ఒకే ధర, ఒకే వారంటీ. కానీ పనులు ఒకటి కావు.

ల్యాప్‌టాప్ బదులు వర్చువల్ డెస్క్‌టాప్ ఇచ్చే చోట్ల ఇంకో బాధ. అక్కడ నొక్కిన ప్రతి అక్షరం దూరంగా ఉన్న సర్వర్‌కు వెళ్లి, బొమ్మగా మారి తిరిగి రావాలి. టైప్ చేసిన అక్షరం వేలికంటే వెనక పడుతుంది. నీల్సన్ చెప్పిన 0.1 సెకను హద్దు రోజంతా, ప్రతి అక్షరానికీ దాటుతూ ఉంటుంది. సేవ్ కొట్టాక ఆగడం కన్నా ఇదే ఎక్కువ అలిసిపోయేలా చేస్తుంది. కోడ్ బయటికి పోకూడదన్నదే మీ ఆందోళన అయితే, ఎడిటర్ కిటికీని మన మెషీన్ మీద ఉంచి ఫైళ్లు, కంపైలర్, సర్వర్‌ను దూరపు మెషీన్‌లో నడిపే పద్ధతి 2019 నుంచీ వీఎస్ కోడ్‌లో ఉంది. టైపింగ్‌కు ఆలస్యం ఉండదు. కోడ్ డిస్క్ మీదకు దిగదు. సెక్యూరిటీ, డెవలపర్లు కలిసి కూర్చుంటే ఇద్దరికీ నచ్చే దారులున్నాయనడానికి ఇదొక రుజువు.

ఒక వాదన తరచూ వింటుంటాను. "డెవలపర్లకు వేగమైన మెషీన్లు ఇస్తే బరువైన వెబ్‌సైట్లు రాస్తారు, నెమ్మదివే ఇస్తే యూజర్ కష్టం తెలుస్తుంది." ఈ మాట వెనకున్న శ్రద్ధను గౌరవిస్తాను, యూజర్ల చేతిలో చవక ఫోన్లున్నాయన్నది నిజం. కానీ నెమ్మది మెషీన్‌లో మాకు తెలిసేది యూజర్ కష్టం కాదు, బిల్డ్ టూల్ కష్టం. యూజర్‌కు వెళ్లేది కుదించిన, కంప్రెస్ చేసిన కోడ్. మేము చూసేది డీబగ్ కోడ్, సోర్స్ మ్యాప్‌లతో (మారిన కోడ్‌ను అసలు కోడ్‌తో జతచేసే ఫైళ్లతో) సహా. రెండింటి వేగానికీ పోలిక లేదు. యూజర్ కష్టం తెలుసుకోవాలంటే క్రోమ్ డెవ్‌టూల్స్‌లోనే నెట్‌వర్క్‌ను, ప్రాసెసర్‌ను తగ్గించి చూసే ఏర్పాటు ఉంది. అది చాలకపోతే టీమ్‌కు నాలుగు చవక ఫోన్లు ఇవ్వండి, ప్రతి రిలీజ్‌కు ముందు వాటిమీద చూడమని నియమం పెట్టండి. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నిజానికి మెషీన్ వేగంగా ఉంటేనే బిల్డ్ చేసి, ఆ ఫోన్‌లో చూసి, సరిచేసి, మళ్లీ చూసే ఓపిక మిగులుతుంది.

ఇక మా కోరికలు. అన్నిటికన్నా ముందు కొలవండి. కొత్త మెషీన్‌లో కోడ్ తెచ్చుకున్న దగ్గరనుంచి మొదటి పేజీ తెరమీదకు రావడానికి ఎంత, ఒక లైను మార్చి సేవ్ కొట్టాక మార్పు కనిపించడానికి ఎంత, ఒకే ఒక్క టెస్టు నడవడానికి ఎంత. ఈ మూడూ చాలు. సీనియర్ల మెషీన్లలో మాత్రమే కాదు, నిన్న చేరిన కుర్రాడికిచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో కూడా కొలవండి. సగటు చూసి సంతృప్తి పడొద్దు, అందరికన్నా వెనకబడ్డ మెషీన్ అంకె చూడండి. ఆ అంకెలను ప్రొడక్షన్ డాష్‌బోర్డు పక్కనే పెట్టండి.

తర్వాత, ఆ అంకెలకు ఒక మనిషిని బాధ్యుడిగా పెట్టండి. పేరుతో సహా. యాంటీవైరస్ సెక్యూరిటీ వాళ్లది, ల్యాప్‌టాప్ ఐటీ వాళ్లది, కంటైనర్ ప్లాట్‌ఫామ్ టీమ్‌ది, బిల్డ్ మాది అని నలుగురూ తలో ముక్కా పట్టుకుని కూర్చుంటే ఆ అర నిమిషం ఎవరిదీ కాకుండా పోతోంది. ఆ నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టగల అధికారం ఉన్న మనిషి కావాలి. టెస్టులు నెమ్మదించాయని తెలిస్తే ఒక స్ప్రింట్‌లో రెండు రోజులు దానికి కేటాయించే మాట ఆయన చెబితే చెల్లాలి.

మినహాయింపు అడిగితే అవుననో కాదనో, కాదంటే కారణంతో సహా, ఒక గడువులోపు జవాబు ఇచ్చే పద్ధతి పెట్టండి. ఒకరికి ఇచ్చిన మినహాయింపు టీమ్ మొత్తానికీ వర్తించేలా చూడండి. ఒక్కొక్కరూ విడివిడిగా టికెట్ వేసి, విడివిడిగా బతిమాలే పద్ధతి పోవాలి. అలాగే సర్దుబాట్లన్నీ ఒక స్క్రిప్ట్‌గా కోడ్‌తోపాటే ఉండనివ్వండి. చేరిన మొదటి రోజు ఆ స్క్రిప్ట్ నడిపితే అందరిలాంటి మెషీనే తయారవ్వాలి. ప్రస్తుతం చాలా టీమ్‌ల్లో ఈ జ్ఞానం ఒకరిద్దరి బుర్రల్లో ఉంటుంది. వాళ్లు సెలవు పెడితే కొత్తవాళ్లు నెమ్మది మెషీన్‌తోనే కాలం గడిపేస్తారు, అది మామూలే అనుకుంటారు.

ఇవి చదివాక నమ్మకం కుదరకపోతే మీ టీమ్‌లో ఒక డెవలపర్ పక్కన ఒక పూట కూర్చోండి. ముందుగా చెప్పకుండా, డెమో అడగకుండా. ఆ పూటకు వాళ్లు చేయాల్సిన పనినే చేయనివ్వండి. చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని, సేవ్ కొట్టిన ప్రతిసారీ నొక్కండి. ఆ అంకెలు తీసుకుని మీ తర్వాతి ప్లానింగ్ మీటింగ్‌కు వెళ్లండి. నోడ్ మాడ్యూల్స్ ఎక్కడుండాలో, స్కానింగ్ ఎలా జరగాలో, ఏ టూల్ ఎప్పుడు మారాలో మాట్లాడడానికి మమ్మల్ని కూడా పిలవండి. లాగ్‌లు, ప్రొఫైల్‌లు, కొలతలు మేము పట్టుకొస్తాం.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్